మాస్టారి వేలు: కొత్త డిజైన్‌తో వచ్చిన మీడియా ప్లేయర్‌కి తొలి పది రోజుల ఫీడ్‌బ్యాక్

"వీడియో దానంతట అదే మూసుకుపోతోంది. పాతదే బాగుంది."

కొత్త వెర్షన్ బయటికి వెళ్లిన రెండో రోజు వచ్చిన రివ్యూ ఇది. ఒక్క స్టార్. దీన్ని చదివింది నేనే, మా ఫీడ్‌బ్యాక్ షీటులో 'అలవాటు' అనే కాలమ్‌లో వేసిందీ నేనే. రివ్యూలో రెండు వాక్యాలుంటే నా కళ్లు రెండోదాని మీదే ఆగాయి. మొదటి వాక్యం అక్షరాలా నిజమని తెలియడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది.

మాది ఫోన్‌లో ఉన్న ఫైళ్లను ప్లే చేసే యాప్. నెట్ అక్కర్లేదు, లాగిన్ లేదు. వీడియో, ఆడియో రెండూ ప్లే అవుతాయి. టీమ్‌లో ఇద్దరు డెవలపర్లు, ఒక టెస్టర్, డిజైన్ చూసే నేను. పాత డిజైన్ ఏళ్ల తరబడి అతుకులు వేసుకుంటూ వచ్చినది. పైన ఒక వరుస బటన్లు, కింద ఒక వరుస, మూలన మూడు చుక్కల మెనూ, ఆ మెనూలో ఇంకో మెనూ. సబ్‌టైటిల్‌కి సంబంధించిన సెట్టింగులే మూడు చోట్ల ఉండేవి. కొత్త ఫీచర్ పెట్టాలంటే చోటు వెతుక్కోవడమే పెద్ద పని అయిపోయింది. ఇక లాభం లేదని మొత్తం విప్పి మళ్లీ కట్టాం.

ఏం మార్చాం

కంటికి కనిపించే మార్పులు మూడు. ప్లే, పాజ్, ముందుకు, వెనక్కి లాంటి బటన్లన్నీ బొటనవేలికి అందేలా స్క్రీన్ కిందికి తెచ్చాం. సీక్ బార్‌ను, అంటే వీడియో ఎంతవరకు నడిచిందో చూపిస్తూ వేలితో జరపడానికి వీలుండే ఆ గీతను, స్క్రీన్ ఈ అంచు నుంచి ఆ అంచు వరకు సాగదీశాం. చూడ్డానికి చాలా బాగుండేది, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మూడోది హోమ్ స్క్రీన్. అంతకుముందు యాప్ తెరవగానే ఫోల్డర్లు కనిపించేవి. వాటి స్థానంలో 'ఇటీవల చేర్చినవి', 'కళాకారులు', 'ఆల్బమ్‌లు' అంటూ లైబ్రరీ పెట్టాం.

కంటికి కనిపించని మార్పు ఇంకోటి ఉంది. ఏ ఫైలు ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునే పద్ధతి మార్చాం. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే మేమూ దాన్ని తర్వాతే పట్టించుకున్నాం.

బటన్లు కిందికి తేవడానికి మా దగ్గర గట్టి ఆధారమే ఉందనుకున్నాం. మొబైల్ డిజైన్ నిపుణుడు స్టీవెన్ హూబర్ 2013లో బయటపెట్టిన పరిశీలన ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. బహిరంగ స్థలాల్లో జనం ఫోన్‌ను ఎలా పట్టుకుంటున్నారో 1,333 సార్లు గమనిస్తే, స్క్రీన్‌ను తాకుతూ వాడిన 780 సందర్భాల్లో 49 శాతం ఒంటిచేత్తో వాడటమేనని తేలింది. మీటింగులో ఆ అంకె చూపించగానే అందరూ తలూపారు. కానీ అది బయట తిరుగుతూ ఫోన్ చూసుకునేవాళ్ల గురించి చెప్పిన లెక్క. సినిమా చూసే మనిషి ఫోన్‌ను అడ్డంగా తిప్పి రెండు చేతులతో పట్టుకుంటాడు, లేదా దేనికో ఆనించి పెట్టి వదిలేస్తాడు. అంకె సరైనదే, మేం తెచ్చి అతికించిన చోటే తప్పు. ఈ తేడాని మా టీమ్‌లో ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.

విడుదలకు ముందు ఐదుగురితో టెస్ట్ చేయించాం. ఐదుగురే ఎందుకంటే యూజబిలిటీ (వాడుకలో సులువు) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం. ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని అందులో ఉంది. ఆ లెక్క ఒక సమస్య ఒక మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనే ఊహ మీద నిలబడింది. మా ఐదుగురూ పక్క టీముల్లో పనిచేసేవాళ్లే. అందరూ ఇంచుమించు ఒకే వయసు, అందరివీ కొత్త ఫోన్లు. అంటే ఒకే మనిషిని ఐదుసార్లు పిలిచి కూర్చోబెట్టినట్టే.

మొదటి మూడు రోజులు

ప్లే స్టోర్‌లో దశలవారీగా విడుదల చేసే సౌకర్యం ఉంది. మొదట 5 శాతం మందికే పంపాం. ఇందులో ఒక మెలిక ఉంది. విడుదలను మధ్యలో ఆపొచ్చు గానీ, అప్పటికే అప్‌డేట్ అందుకున్నవాళ్ల ఫోన్లలోంచి వెనక్కి లాక్కోలేం. వాళ్లకి ఇంకా పెద్ద నంబరుతో మరో వెర్షన్ పంపాల్సిందే. కాబట్టి ఆ 5 శాతం మంది మాకు కేవలం శాంపిల్ కాదు. మా తప్పును మోస్తున్న మనుషులు. ఇది అప్పుడు తట్టి ఉంటే ఇంకాస్త తొందరపడేవాళ్లం.

రివ్యూలు, ఈమెయిళ్లు, యాప్‌లోంచి వచ్చే మెసేజ్‌లు అన్నీ ఒకే షీటులోకి దించుకున్నాం. ఒక్కో రకం ఫిర్యాదుకి ఒక్కో కాలమ్. 'బగ్', 'కొత్తగా కావాలి', 'అలవాటు'. పాతదే బాగుంది, ఏది ఎక్కడుందో తెలియట్లేదు, ఎందుకు మార్చారు, మళ్లీ పాతది ఇవ్వండి... ఇవన్నీ 'అలవాటు'లోకి వెళ్లాయి. ఆ కాలమ్ మిగతా రెండింటి కంటే చాలా పొడుగైంది. మీటింగులో దాన్ని చూసి ఒక డెవలపర్ "అలవాటు పడతార్లెండి" అన్నాడు. అందరం హమ్మయ్య అనుకున్నాం.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బాగా అలవాటైన యాప్ ఏది మారినా మొదటి వారం తిట్లు తప్పవు. చేతికి గుర్తున్న చోట బటన్ లేకపోతే చిరాకు రావడం సహజం, ఆ చిరాకు కొన్నాళ్లకి తగ్గుతుంది కూడా. ఇబ్బందల్లా, 'అలవాటు' అని రాసిన మరుక్షణం ఆ ఫిర్యాదుని ఇంకెవరూ తెరిచి చూడరు. కాలమే తీర్చేస్తుందని దానికి సెలవు ఇచ్చేస్తాం.

క్రాష్ రిపోర్టులు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. యాప్ ఎక్కడా కూలిపోవట్లేదు. 'దానంతట అదే మూసుకుపోతోంది' అన్నవాళ్లు ఒక్కరు కాదు, కానీ లాగ్‌లలో క్రాష్ లేదు కాబట్టి వాళ్లు ఏదో తప్పు నొక్కి ఉంటారనుకున్నాం. తప్పు నొక్కారు కూడా. వాళ్లచేత అలా నొక్కించింది మా డిజైన్.

మాస్టారి వేలు

ఎనిమిదో రోజు ఒక కాల్ పెట్టుకున్నాం. యాప్‌లోంచి మెసేజ్ పంపినవాళ్లలో కొందరిని స్క్రీన్ షేర్ చేసి చూపించగలరా అని అడిగితే ఒప్పుకున్న మొదటి మనిషి ఒక రిటైర్డ్ లెక్చరర్. తన పాత క్లాసుల రికార్డింగులు, ఒక్కోటి గంటన్నర, రెండు గంటలు, ఈ యాప్‌లోనే వింటారు. రోజూ కొంత కొంత.

ఒక ఫైలు తెరిచారు. సున్నా నుంచి మొదలైంది.

"చూశారా, నిన్న నలభై నిమిషాలు విన్నాను. మళ్లీ మొదటికొచ్చింది," అన్నారు.

తర్వాత సీక్ బార్ మీద వేలు పెట్టి కుడివైపు లాగారు. ప్లేయర్ మూసుకుపోయింది. లైబ్రరీ స్క్రీన్ వచ్చింది.

"మాస్టారూ, ఇప్పుడేం నొక్కారండీ?"

"నేనేం నొక్కలేదు బాబూ. జరిపానంతే. దానంతట అదే పోయింది."

ఇంకోసారి చేసి చూపించమన్నాను. మళ్లీ ఫైలు వెతుక్కున్నారు. అదీ వెంటనే దొరకలేదు, ఆ సంగతికి వస్తాను. తెరిచారు. సున్నా. వేలు పెట్టి లాగారు. పోయింది. మూడోసారి ఆయన నవ్వి, "నాలుగైదు సార్లు ఇలా చేస్తే ఒకసారి జరుగుతుంది లెండి," అన్నారు. వారం రోజులుగా ఆయన అలాగే సర్దుకుపోతున్నారు. మేం షీటులో రాసుకున్న 'అలవాటు' ఇదే.

జరిగింది ఇది. ఆండ్రాయిడ్ 10 (2019) నుంచి, బటన్లకు బదులు జెస్చర్ నావిగేషన్ పెట్టుకున్న ఫోన్లలో స్క్రీన్ అంచు దగ్గర వేలు పెట్టి లోపలికి లాగితే 'వెనక్కి' అని అర్థం. కుడి అంచైనా, ఎడమ అంచైనా అంతే. మా కొత్త సీక్ బార్ అంచు నుంచి అంచుకి సాగింది. ఫైలు సున్నా దగ్గర ఉన్నప్పుడు సీక్ బార్ మీది గుండ్రటి చుక్క సరిగ్గా ఎడమ అంచున ఉంటుంది. దాన్ని పట్టుకుని కుడికి లాగడమంటే ఫోన్ లెక్కలో 'వెనక్కి వెళ్లు' అని చెప్పడమే. ఫోన్ చెప్పినట్టే చేసింది. వెనక్కి వెళ్లడం క్రాష్ కాదు కాబట్టి మా రిపోర్టులలో జాడ లేదు.

ఆండ్రాయిడ్ వాళ్లు ఈ తంటా ముందే ఊహించారు. వాళ్లిచ్చే మామూలు సీక్ బార్ వాడితే, ఆ చుక్క ఉన్న చోటు వరకు వెనక్కి వెళ్లే జెస్చర్ పనిచేయకుండా అదే మినహాయించుకుంటుంది. మేం అందం కోసం సొంతంగా గీసుకున్నాం. సొంతంగా గీసుకుంటే ఆ మినహాయింపు కూడా సొంతంగా అడగాలి, ఒక్కో అంచున నిలువుగా 200 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీది సైజులు కొలిచే యూనిట్) వరకే ఇస్తారు. మాకు అంత కూడా అక్కర్లేదు. అడగడమే మర్చిపోయాం.

ఆఫీసులో ఇది ఎందుకు దొరకలేదో తవ్వితే మూడు కారణాలు తేలాయి. మా టెస్టర్ ఫోన్‌లో పాతకాలపు మూడు బటన్ల నావిగేషన్ ఉంది, అందులో అంచు జెస్చరే లేదు. మేం టెస్టుకు వాడే వీడియో ఎప్పుడూ మధ్యలోంచే మొదలయ్యేది, ఎందుకంటే ఎక్కడ ఆపామో అది గుర్తుపెట్టుకుంటుంది, చుక్క ఎప్పుడూ స్క్రీన్ నడుమే. ఇక మూడోది మాస్టారి ఫోన్ కవరు. మందపాటి ఫ్లిప్ కవరు, అంచు స్క్రీన్ కంటే కాస్త పైకి లేచి ఉంటుంది. వేలు ఆ గట్టు మీదుగా లోపలికి జారుతుంది, అంటే సరిగ్గా అంచు నుంచే మొదలవుతుంది. ఖరీదైన ఫోన్లకు కవరు లేకుండా తిరిగే మా ఐదుగురికి ఆ గట్టు తగిలే అవకాశమే లేదు.

ఆపిన చోటు ఎటు పోయింది

కాల్ అయ్యాక నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే ప్రశ్న. మాస్టారి ఫైళ్లు సున్నా నుంచి ఎందుకు మొదలవుతున్నాయి?

పాత వెర్షన్‌లో ఆపిన చోటుని ఫైలు చిరునామాతో, అంటే ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో దానితో కలిపి దాచేవాళ్లం. కొత్తదానిలో ఫోన్ మీడియా జాబితా ఒక్కో ఫైలుకి ఇచ్చే నంబరుతో దాచాలని నిర్ణయించాం. పాతవాటిని కొత్త పద్ధతిలోకి మార్చే కోడ్ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కసారి నడుస్తుంది. చిరునామాకి నంబరు దొరికితే మారుస్తుంది, దొరకకపోతే ఆ ఫైలు ఇక లేదనుకుని ఆ వరుసను తుడిచేస్తుంది.

మాస్టారి రికార్డింగులన్నీ మెమరీ కార్డులో ఉన్నాయి. ఫోన్ అప్పుడే ఆన్ అయి ఉంటే కార్డు స్కాన్ పూర్తవడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆలోపే యాప్ తెరిస్తే, కార్డులోని ఏ ఫైలుకీ నంబరు లేదు. కాబట్టి అన్నీ 'లేనివి'. అన్నిటి ఆపిన చోట్లూ పోయాయి. పైగా కార్డు తీసి పెట్టినా, మళ్లీ స్కాన్ అయినా అదే ఫైలుకి కొత్త నంబరు రావచ్చు, అంటే కొత్తగా దాచుకున్నదీ నిలవదు. 'నిన్న నలభై నిమిషాలు విన్నాను' అన్నది అందుకే.

దీనికి మా ఇంకో పాత రూలు తోడైంది. మొదటి నిమిషంలోపే బయటికి వస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోవద్దని ఎప్పుడో రాసుకున్నాం, పొరపాటున తెరిచినవి జాబితాలో పేరుకోకూడదని. ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. ఆపిన చోటు పోయింది కాబట్టి ఫైలు సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా నుంచి మొదలైంది కాబట్టి చుక్క అంచున ఉంది. అంచున ఉంది కాబట్టి లాగితే ప్లేయర్ మూసుకుపోతుంది. నిమిషంలోపే మూసుకుపోయింది కాబట్టి మళ్లీ సున్నా. మాస్టారు ఆ గుండ్రంలో తిరుగుతున్నారు.

మా షీటులో ఇవి మూడు వేర్వేరు ఫిర్యాదులు. 'మళ్లీ మొదటినుంచి వస్తోంది' ఒక వరుస, 'మూసుకుపోతోంది' ఒక వరుస, 'పాతదే బాగుంది' ఒక వరుస. ముగ్గురు మనుషులు మూడు సంగతులు చెప్తున్నట్టు లెక్క కట్టాం. వరుసల వారీగా చూస్తున్నంత సేపూ ఆ గుండ్రం కనిపించే దారే లేదు. ఒక మనిషి పక్కన పదిహేను నిమిషాలు కూర్చుంటే కనిపించింది.

ఫోల్డర్లు

మాస్టారికి ఫైలు వెంటనే దొరకలేదని అన్నాను కదా. ఆయన రికార్డింగులలో ట్యాగులు లేవు. ఆడియో ఫైలు లోపల పాట పేరు, పాడినవాళ్ల పేరు, ఆల్బమ్ పేరు రాసిపెట్టుకునే చోటు అది. కొన్న పాటలకి ఉంటుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నవాటికి, ఎవరో పంపినవాటికి చాలావరకు ఉండదు. ఉన్నా, పాత ఎంపీ3లలోని తొలితరం ట్యాగ్ పేరుకి 30 అక్షరాలే ఇస్తుంది, అవీ ఇంగ్లిష్‌ని మనసులో పెట్టుకుని లెక్కేసినవి. తెలుగు పేరు అందులో పడితే సగం తెగి, మిగతా సగం ప్రశ్నార్థకాలై వస్తుంది. అలా మాస్టారి లైబ్రరీ మొత్తం 'తెలియని కళాకారుడు' కింద ఒకే పొడుగాటి జాబితాగా తయారైంది. ఆయన క్లాసులకి కళాకారుడు ఆయనే, ఆ సంగతి యాప్‌కి తెలియదు.

ఆయన దగ్గర ఫోల్డర్లు ఉన్నాయి. సంవత్సరం వారీగా, సబ్జెక్టు వారీగా, తన చేత్తో పేర్లు పెట్టుకుని సర్దుకున్నవి. ఆ సర్దుబాటంతా మేం తీసి పక్కన పడేసి, మా సర్దుబాటు పెట్టాం. ఫోల్డర్ వ్యూ పోలేదు, సెట్టింగులలో ఉంది, ఎవరూ చూడని చోట. ఈ విషయంలో నాకిప్పుడు ఏ సందేహమూ లేదు: సొంత ఫైళ్లు ప్లే చేసుకునే యాప్‌కి మొదటి స్క్రీన్ ఫోల్డర్లే కావాలి. లైబ్రరీ అనేది పాటలు అద్దెకిచ్చే సర్వీసుల నుంచి తెచ్చుకున్న ఆలోచన. అక్కడ సరుకు వాళ్లది, సర్దేదీ వాళ్లే.

మిగతావి త్వరగా

రెండుసార్లు తట్టడం. పాత వెర్షన్‌లో స్క్రీన్ మీద ఎక్కడ రెండుసార్లు తట్టినా వీడియో ఆగేది. కొత్తదానిలో కుడివైపు తడితే 10 సెకన్లు ముందుకి, ఎడమవైపు తడితే 10 సెకన్లు వెనక్కి. దీని మీద వచ్చిన తిట్లు నిజంగానే అలవాటువి. వారం తిరిగేసరికి అవి పలచబడ్డాయి, తర్వాతి కాల్స్‌లో కూడా ఎవరూ దీన్ని ఎత్తలేదు. అయినా సెట్టింగులలో పాత పద్ధతికి ఒక స్విచ్ పెట్టాం.

బూడిద రంగు అక్షరాలు. నల్లటి నేపథ్యం మీద ముదురు బూడిదతో ఫైలు వివరాలు రాశాం. అక్షరానికీ వెనకాల రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ యాక్సెసబిలిటీ మార్గదర్శకాలు చెప్తాయి. కొలిస్తే మాది అంతకంటే తక్కువ. దీని మీద వాదించడానికి ఏమీ లేదు, రంగు మార్చేశాం.

వత్తులు తెగిపోవడం. జాబితాలో ఒక్కో వరుస ఎత్తుని ఇంగ్లిష్ పేర్లు చూసి బిగించాం. తెలుగులో 'స్త్రీ' లాంటి అక్షరం వస్తే కింద వత్తు సగం కనిపించేది కాదు. తెలుగు చదివే నేను డిజైన్ చేసి, తెలుగు పేరుతో ఒక్క ఫైలూ పెట్టి చూడకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఏం వెనక్కి తీసుకున్నాం

ఎనిమిదో రోజు సాయంత్రమే విడుదల ఆపేశాం. పూర్తిగా పాతదానికి వెళ్లిపోదామని ఒకరు, సీక్ బార్ ఒక్కటి సరిచేసి ముందుకెళ్దామని ఒకరు. వాదన కాస్త వేడెక్కింది. నాకు గుర్తొచ్చింది విన్ఆంప్, కంప్యూటర్లో పాటలు వినే పాత ప్లేయర్. 2002లో వాళ్లు ప్లేయర్‌ను మొదటినుంచీ తిరగరాసి మూడో వెర్షన్ తెచ్చారు. బరువుగా ఉందని, నెమ్మదిగా ఉందని, పాత ప్లగిన్లు పనిచేయట్లేదని జనం రెండో వెర్షన్‌నే పట్టుకుని కూర్చున్నారు. 2003 డిసెంబరులో రెండో వెర్షన్ పునాది మీద మూడోదానిలోని మంచిని కలిపి, 2 ప్లస్ 3 కాబట్టి అని 5 అని పేరు పెట్టి విడుదల చేశారు. స్పీకర్లు తయారుచేసే సోనోస్ కంపెనీ కథ ఇంకా దగ్గరిది. 2024 మేలో కొత్త యాప్ తెచ్చినప్పుడు స్లీప్ టైమర్, అలారాల లాంటి రోజువారీ సంగతులు అందులో లేవు. జూలైలో సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 2025 జనవరిలో పదవి నుంచి తప్పుకున్నారు. మాది ఆ స్థాయి వ్యవహారం కాదనుకోండి. కానీ రోజూ వాడే చిన్న పనిని మనం కదిలించినప్పుడు జనం ఎందుకంత కోపం తెచ్చుకుంటారో ఆ రెండు కథల్లోనూ ఉంది.

చివరికి మా 2 ప్లస్ 3 ఇలా తేలింది. హోమ్ స్క్రీన్‌లో ఫోల్డర్లు తిరిగొచ్చాయి, లైబ్రరీ పక్క ట్యాబ్‌కి వెళ్లింది. సీక్ బార్‌ను రెండువైపులా లోపలికి లాక్కున్నాం. జెస్చర్ మినహాయింపు అడిగి ఊరుకోవచ్చు గానీ, ఒక మనిషి వేలుకీ అంచుకీ మధ్య నిజమైన ఖాళీ ఉండటమే నయమనిపించింది. చుక్క కనిపించే సైజు చిన్నదే, దాన్ని పట్టుకునే చోటు మాత్రం 48 డీపీకి పెంచాం. బటన్లు కిందే ఉన్నాయి, వాటి మీద వచ్చిన చిరాకు రెండుసార్లు తట్టడం లాగే చల్లారింది.

ఆపిన చోటుకి ఇప్పుడు ఫైలు పేరు, సైజు, నిడివి మూడూ కలిపి గుర్తుగా పెట్టుకుంటున్నాం. జత దొరకనివాటిని తుడవడం మానేశాం. మిగతా 95 శాతం మందికి ఈ నష్టం జరగలేదు. మొదటి 5 శాతంలో మెమరీ కార్డు వాడేవాళ్లకి పోయినవి మాత్రం పోయినవే. ఆపిన చోట్లు దాచిన పాత టేబుల్‌ని ఒక్క నెల ఉంచి ఉంటే తిరిగి తేగలిగేవాళ్లం. ఉంచలేదు.

రివ్యూలకి జవాబులు రాయడం నా పనే. ప్లే స్టోర్‌లో జవాబుకి 350 అక్షరాలే. మొదట్లో 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని మొదలుపెట్టేవాణ్ణి, సగం చోటు అందులోనే పోయేది. తర్వాత ఏం తప్పు జరిగింది, ఏ వెర్షన్‌లో సరైంది, ఈ రెండే రాశాను. ఎక్కువమంది ఏమీ అనలేదు. ఆ రెండో రోజు రివ్యూ రాసినాయన స్టార్లు మార్చలేదు గానీ, 'పాతదే బాగుంది' అన్న వాక్యం తీసేశారు.

షీటులో 'అలవాటు' కాలమ్ ఇంకా ఉంది. దాని పక్కన ఇప్పుడు ఇంకో కాలమ్ ఉంది: మళ్లీ ఎప్పుడు అడగాలి. తేదీ రాయకుండా ఏ ఫిర్యాదునీ అందులో వేయడానికి వీల్లేదు.

సరిచేసిన వెర్షన్ వెళ్లిన మర్నాడు మాస్టారికి ఫోన్ చేశాను.

"మూసుకుపోవట్లేదు బాబూ, బాగుంది. కానీ ఆ ప్లే బటన్ అంత కిందకెందుకు? నా వేలు ఇంకా మధ్యలోకే పోతోంది."

కాలమ్‌లో వేసి, పక్కన మూడు వారాల తర్వాతి తేదీ రాసుకున్నాను.